పాలు పోసుకున్న ఓట్స్ చేను

మా ఇంట్ల ఒక రివాజు ఉంది. పొద్దుగూకి మాసయ్య ఇంటికొస్తే కడప కాడ నిలబడి నోరు తెరుస్తడు. నేను దగ్గరికి పోయి వాసన సూస్త. సూసి, "ఏం లేదు, కాళ్లు కడుక్కో" అంట. గప్పుడు లోపలికొస్తడు. తొమ్మిదేండ్ల సంది ఒక్క దినం తప్పలె. పక్కింటోళ్లు నవ్వుతరు. నవ్వనీ. వాళ్ల మొగోళ్లు ఏం తాగొస్తున్నరో వాళ్లకు తెల్వదు. నా మొగోడు ఏం తాగలేదో నాకు తెలుసు.

మాసయ్య నా పెనిమిటి. పెండ్లయిన కొత్తల బొంబాయికి బిల్డింగు పనికి పోయిండు. ఆడ తాపీ పని నేర్సుకున్నడు, దాంతోపాటు తాగుడు నేర్సుకున్నడు. తాపీ పని మర్సిపోయిండు గని తాగుడు మర్వలె. ఆఖరుకు కండ్లు పచ్చగై, కడుపు ఉబ్బి, పెద్ద దవాఖానల పదిహేను దినాలు పడ్డడు. ఇంటికి పంపే పొద్దు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఈయన కార్జం సగం పోయిందమ్మా. ఇంకొక్క గ్లాసు ముట్టిండంటే మనిషి దక్కడు."

గా దినం నేను బైబిల్ మీద ఒట్టు పెట్టించుకోలె. ఆయన ఒట్లు నేను మస్తు సూసిన. దినాం నోరు తెరువుమన్న, గంతే. మాసయ్య గూడ ఎందుకని అడగలె.

ఇగ ఓట్స్ సంగతికొస్త. మాది ఖిల్లా ఘణపూర్ దగ్గర పల్లె. గుట్ట మీది కోట మా చేన్లకెల్లి కనవడ్తది. రెండెకరాల చెల్క, రెండు బర్రెలు. పోయినేడు చలికాలం మొదలు పశువుల డాక్టరు సార్ ఒక సంచి గింజలు ఇప్పిచ్చిండు. ఓట్స్ గడ్డి అంట, బర్రెలకు మంచిదట, పాలు ఎక్కువిస్తయట. "పూత మీదనే కోసి వెయ్యాలె, ముదరనియ్యొద్దు" అని ఒకటికి రెండుమాట్లు చెప్పిండు. మాసయ్య అరెకరం దున్ని పెట్టిండు. నీళ్లు పెట్టిండు. మనిషికి మందు లేదు, ఇంకో యావ లేదు, గా చేనొక్కటే లోకం అయింది.

నేను మిరపకాయ ఏరనీకి ఇరవై దినాలు పరాయి ఊరికి పోయిన. వచ్చి కొడవలి తీస్కొని ఇద్దరం చేన్లకు పోతే, చేను ఈని ఉంది. సన్నసన్న గంటల లెక్క గింజలు కిందికి యాలాడుతున్నయ్. పొద్దున పొద్దు, మంచు ఇంక ఆరలె. నేనొక గింజ గిల్లిన. తెల్లగ పాలొచ్చినయ్. వేలు నాకి సూసిన, జర తియ్యగ ఉంది.

"ఇండ్ల కొడవలి పెట్టొద్దు" అన్న.

"ఎందుకు?" అన్నడు మాసయ్య.

"పాలు పోసుకున్న చేనును ఎవలన్న కోస్తరా? మా అమ్మ కొయ్యలె, మీ అమ్మ కొయ్యలె. కడుపుతోటి ఉన్నదాన్ని కొట్టినట్టు."

"గడ్డి పిచ్చిదానా, గిది గడ్డి. బర్రెలకేసే గడ్డి."

"గడ్డైతే పాలెందుకొచ్చినయ్?"

మాసయ్య నా దిక్కు సూసిండు, చేను దిక్కు సూసిండు. కొడవలి భుజానేసుకొని ఇంటికొచ్చిండు. మూడు పూటలు నాతోటి మాట్లాడలె. అయినా కొయ్యలె.

నేను చేసిన తప్పేందో తర్వాత తెలిసింది. చేను పండింది. గడ్డి కట్టెల్లెక్క అయింది, బర్రెలు మూతి తిప్పుకున్నయ్. గింజలు కొడితే నాలుగు సంచులైనయ్. వాటిని ఏం చెయ్యాల్నో ఎవ్వరికి తెల్వదు. పిండి పట్టిస్తే పొట్టు పోలె, రొట్టె చేస్తే గొంతుల గుచ్చుకున్నది. షుగరున్నోళ్లు తినే ఓట్స్ గివేనట, గని ఆ పొట్టు తీసే మిషిను మా దిక్కు యాడ లేదు. డాక్టరు సార్ చేన్లకొచ్చి తలకాయ పట్టుకున్నడు. ఊరంత నన్ను సూసి నవ్విండ్రు. నా పేరు పెట్టి, బాలమణి బర్రెల గడ్డికి పురుడు పోసిందన్నరు. మాసయ్య మాత్రం సంచులు ఇంట్ల పెట్టుకుంట, "నీ బిడ్డలు, నువ్వే సాదుకో" అన్నడు.

ఎండలు ముదిరినంక ఒక పిలగాడు కారేస్కొని వచ్చిండు. పేరు అరుణ్, గద్వాలోడు. గోవల ఏదో పని నేర్సుకొని వచ్చి గద్వాల అవతల చిన్న కార్ఖానా పెట్టుకున్నడట. ఓట్స్ గింజలు కావాల్నని తిరుగుతుంటే డాక్టరు సార్ మా పేరు చెప్పిండట. సంచిలకెల్లి పిడికెడు తీసి, రెండు గింజలు కొరికి, శానాసేపు నమిలిండు.

"అమ్మా, మూడు జిల్లాలు తిరిగిన. అందరూ పచ్చిగనే కోసి పశువులకేసిండ్రు. గింజ పట్టనిచ్చినోళ్లు మీరొక్కరే."

నా ఛాతి గింత వెడల్పైంది. మాసయ్య దిక్కు సూసిన, విన్నవా అన్నట్టు. గంతలనే అడిగిన, "ఏం చేస్తరు సారూ వీటితోటి?"

"విస్కీ తీస్తమమ్మా. సర్కారు లైసెన్సుంది."

నేను సంచి మూతి గట్టిగ పట్టుకున్న. "నా పైరు సారకియ్య" అన్న. "ఈ ఇంట్లకెల్లి ఒక్క గింజ పోదు."

అరుణ్ పరేషాన్ అయిండు. మాసయ్య గోడకానుకొని నిలబడ్డడు. "ఇచ్చెయ్" అన్నడు. "పురుగు పట్టి పోయేదానికన్న ఏదో ఒకటి కానీ." నేను ఆయన మొకం సూసిన. మొకంల నాకేం దొరకలె. సంచి మూతి ఇడిసిన.

గా దినం సంది నాకు నిద్ర తక్కువైంది. ఎందుకంటే మాసయ్య ఫోను పట్టుకున్నడు. రెండు దినాలకోసారి అరుణ్ సార్‌కు ఫోను. నానబెట్టిండ్రా సారూ, మొలకొచ్చిందా సారూ. అన్నం తినుకుంట నాకు చెప్తడు. మొలక మంచిగొచ్చిందట. ఆరబెట్టిండ్రట. మర పట్టి, వేడి నీళ్లల్ల కలిపి, పులియబెట్టిండ్రట. బిడ్డ దూరాన హాస్టల్ల ఉంటే గూడ గిన్ని సార్లు అడగలె. మా హెప్సిబా నాగర్‌కర్నూల్ల నర్సు చదువుతది, దానికి వారానికొక ఫోను. గా గింజలకు దినం తప్పిచ్చి దినం. నేను పొద్దుగూకినంక ఆయన నోటి కాడ రెండుమాట్లు వాసన సూసుడు మొదలుపెట్టిన.

ఒక దినం నోరు తెర్సి, మూసి, కడప కాడనే నిలబడ్డడు.

"అరుణ్ సార్ ఫోను చేసిండు. రేపు బట్టీ పెడ్తున్నరట. మన గింజ మనమే మొదలు రుచి సూడాలెనంటుండు."

"పోతవా?"

"సూసొస్త. ముట్ట."

"ముట్టవని నాకేమన్న రాసిచ్చినవా?"

"నువ్వు గూడ రా. కాపలకు."

కాపలకే పోయిన. మా చర్చి సంఘం పెద్ద ఎస్తేరమ్మ బస్టాండు కాడ ఎదురుపడింది. గద్వాలకంటే చీర కొననీకా అని అడిగింది. అవునన్న. దేవుడు క్షమించాలె.

అరుణ్ కార్ఖానా పెద్దదేం గాదు. రేకుల షెడ్డు, లోపల నా కన్న ఎత్తున్న రాగి కాగు. కాగు మూతికెల్లి ఒక గొట్టం వంగి పోయి, నీళ్ల పీప లోపలికెల్లి తిరిగి, అవతల సన్నగ కారుతుంది. మొదలొచ్చింది మంచిది గాదని పక్కకు తీసిండట. ఆఖరున వచ్చేది గూడ పనికిరాదట, నడుమ వచ్చేదే అసలుదట. మేం పోయేటాలకు నడుమది పడుతుంది. దారమంత సన్నగ, చప్పుడు లేకుంట.

నేను ధార కింద పెట్టిన గిలాసలకు తొంగి సూసిన. నీళ్లు. ఉత్త నీళ్ల లెక్క తెల్లగ ఉంది.

"రంగేది?" అన్న. మా ఆయన తాగినన్ని దినాలు నేను సూసిన సీసలన్ని రంగుయే.

"రంగు గింజది గాదమ్మా, కట్టెది" అన్నడు అరుణ్. "కట్టె పీపల పోసి ఏండ్లకేండ్లు పెడ్తే రంగొస్తది, కట్టె రుచి గూడ ఎక్కుతది. గిది ఇప్పుడే దిగింది. ఇండ్ల మీ గింజ తప్ప ఇంకేం లేదు."

గా మాట మాసయ్య రెండోమారు తనలో తను అనుకున్నడు. మీ గింజ తప్ప ఇంకేం లేదు.

అరుణ్ బల్ల మీద మూడు చిన్న గ్లాసులు పెట్టి, ఒక్కొక్కదాండ్ల వేలెడంత పోసి, ఒక్కో చెంచ నీళ్లు కలిపిండు. ఆ పిలగానికి మా సంగతి తెల్వదు. పాపం, మర్యాద చేస్తున్న అనుకుండు. మాసయ్య గ్లాసు అందుకున్నడు. కిటికీ దిక్కు ఎత్తి పట్టి సూసిండు. ఆయన చెయ్యి వణుకుతుంది. తొమ్మిదేండ్ల కింద పొద్దుగాల పొద్దుగాల ఎట్ల వణికేదో గట్లనే. ఆయన మణికట్టు మీద చెయ్యేసిన. ఆ గ్లాసు నోటికి పోతే ఇంటికి నేనొక్కదాన్నే పోవాలె, గంతే నా మతిల ఉన్నది.

"నాకు పడదు సారూ" అన్నడు మాసయ్య. గ్లాసు బల్ల మీద పెట్టిండు. నా దిక్కు తిరిగిండు. "బాలమణీ, నువ్వు తాగి చెప్పు."

"నేనా?"

"నువ్వే."

"మతి గిట్ల పోయిందా నీకు?"

"తొమ్మిదేండ్లల్ల నిన్నేమన్న అడిగిన్నా? గిదొక్కటి అడుగుతున్న. దున్నింది నేను. నీళ్లు పెట్టింది నేను. నా చేను ఎట్ల వచ్చిందో నాకు తెల్వొద్దా?"

గా అడుగుట్ల ఏం కోపం లేదు. అందుకనే నేను కాదనలేకపోయిన.

నేను పుట్టినకాడికెల్లి సార ముట్టలె. చర్చిల ప్రభురాత్రి భోజనంల ఇచ్చే ద్రాక్షరసం తప్ప నా నాలికకు ఇంకోటి తెల్వదు. నాకు తెలిసిన సార వాసనంత మాసయ్య నోటిదే. పులిసిన వాసన, కక్కిన వాసన, కొట్లాట వాసన. గ్లాసు చేతికి తీసుకుంటుంటే ఎస్తేరమ్మ మొకం కండ్ల ముంగట తిరిగింది. జర ఆగు తల్లీ అనుకున్న మనసుల.

"ముందు వాసన సూడండమ్మా" అన్నడు అరుణ్. "నోరు జర తెర్సి, మెల్లగ."

వాసన సూసుడు నాకు ఒకలు నేర్పాల్నా?

సూసిన. నాకు తెలిసిన వాసన రాలె. ముక్కు ఎన్కకు తీసి మళ్ల పెట్టిన. జర ఘాటు తగిలింది. ఆ ఘాటు ఎన్కకెల్లి పెంక మీద కాలే రొట్టె వాసన వచ్చింది. దాని ఎన్క మంచుకు తడిసిన గడ్డి. నాకు అనుమానమైంది, ఈ పిలగాడు ఇండ్ల ఏమన్న కలిపిండా అని. గ్లాసుల నీళ్ల లెక్క ఉన్నదాండ్ల ఇన్ని యాడివి?

కండ్లు మూసుకొని ఒక గుటికెడు తాగిన.

నాలిక మండింది. ఉమ్మేద్దునా అనుకున్న. ఉమ్మేసేలోపే మంట తగ్గింది, నోరంత వెన్న పూసినట్టు మెత్తగైంది. గుటక మింగిన. కడుపుల వెచ్చగ దిగింది. దిగినంక, గా తర్వాత, నాలిక మీద ఒకటి మిగిలింది. చిన్నగ, తియ్యగ. అదేందో నాకు తెలుసు. నేను ఇంతకు ముందు సూసిన రుచి. యాడ సూసిన, యాడ సూసిన అనుకుంట నిలబడ్డ.

పాలు. గా పొద్దు గింజ గిల్లి నాకిన పాలు.

నేను చెప్పేది మీకు ఎట్ల సమజ్ అయితదో నాకు తెల్వదు. గా గింజను కోసినం, కట్టెలతోటి కొట్టినం, ఎండకు ఎండబెట్టినం. నానబెట్టిండ్రు, మొలకెత్తిచ్చిండ్రు, ఆ మొలకను సంపిండ్రు, మర పట్టిండ్రు, పులియబెట్టిండ్రు. అగ్గి మీద పెట్టి ఆవిరి చేసిండ్రు. ఆవిరిని పట్టి నీళ్లు చేసిండ్రు. ఇంక ఏం మిగలాలె? అయినా గా పాలు పోలె. మంచు ఆరని చేన్ల, కొడవలి చేతిల పట్టుకొని, నేను ఆపిన గా పాలు. నా కండ్లకెల్లి నీళ్లు కారినయ్. నాకు భయమైంది గూడ. దెబ్బలకు భయపడ్డ భయం గాదు, చర్చిల అందరం మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఒక్కోసారి పుట్టే భయం. ఇంత పెద్ద పని ఇంత చిన్న గింజల ఉందా అని. ఇన్నేండ్లు నేను తిట్టుకున్న సారల గిది గూడ ఉందా అని కోపం గూడ వచ్చింది.

కండ్లు తెర్సి సూస్తే మాసయ్య లేడు. ఆయన గ్లాసు గూడ బల్ల మీద లేదు.

"ఏడి?" అన్న. అరుణ్ గొట్టం కాడ వంగి ఏందో సూస్తుండు. తలెత్తి, "ఇప్పుడే బయటికి పోయిండమ్మా" అన్నడు.

చెప్పులు ఇడిసిపెట్టి ఉరికిన. షెడ్డు ఎన్క గింజల పిప్పి కుప్ప పోసి ఉంది, ఇంక పొగలొస్తుంది. మాసయ్య దాని ముంగట నిలబడి ఉండు, చేతిల గ్లాసు ఖాళీగ ఉంది. నోరు తెరు అనే మాట నా నాలిక మీదనే ఉంది. ఆయన మొదలు మాట్లాడిండు.

"ఎట్లుంది?"

"పాలు" అన్న.

"ఏం పాలు?"

"గా పొద్దు గింజ గిల్లిన గదా. కొయ్యొద్దని ఆపిన గదా. గా పాలే."

మాసయ్య దగ్గరికొచ్చిండు. "నోరు తెరు" అన్నడు.

ఆయన నాకు చెప్తుండు. నేను తెర్సిన. కార్ఖానాల పనిచేసేటోళ్లు ఇద్దరు అటు దిక్కు ఆగి సూస్తుండ్రు. మాసయ్య కండ్లు మూసుకున్నడు, నా నోటి కాడ మొకం పెట్టి గాలి పీల్చిండు. ఒకసారి. మళ్లోసారి. నేను తొమ్మిదేండ్లల్ల ఎన్నడు గంతసేపు సూడలె ఆయన నోరు.

"మన చేనే" అన్నడు.

ఇగ నేనేం అడగాలె? నా నోట్లెనే సార వాసన పెట్టుకొని, నీ నోరు సూపియ్యమని ఏ మొకం పెట్టుకొని అడుగుదు?

బస్సు ఎక్కినం. ఆడోళ్లకు టికెట్ లేదు, మాసయ్యకొక్కనికే తీసుకున్నం. ఎర్రవల్లి చౌరస్తా దాటి కృష్ణ మీది బ్రిడ్జి వచ్చేటాలకు ముంగట సీట్ల కూసున్నామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఎన్కకు తిరిగి మాసయ్యను కిందికెల్లి మీదికి సూసింది. "పట్టపగలే తాగి ఎక్కుతరు, సిగ్గు లేదు" అని గొణిగింది. మాసయ్య కిటికీలకెల్లి నీళ్లు సూసుకుంట కూసుండు.

నాకు ఆగలె. "ఆయన గాదమ్మా, నేను" అన్న.

ఆమె నోరు తెర్సింది, మూసింది, తిరిగి కూసుంది. మాసయ్య నవ్విండు. భుజాలు ఊగుకుంట, చప్పుడు లేకుంట నవ్విండు. గట్ల నవ్వంగ నేను సూసి ఎన్నేండ్లైందో. నవ్వు సూసి సంబురపడాల్నా, భయపడాల్నా నాకు తెల్వలె. తాగినప్పుడు గూడ ఆయన గట్లనే నవ్వేటోడు. ఖాళీ గ్లాసు వనపర్తి దాక నా కండ్లల్లకెల్లి పోలె.

ఊరికొచ్చినంక మాసయ్య బర్రెల కాడికి పోయిండు. నేను అన్నం పొయ్యి మీద పెట్టి ఆలోచన చేసిన. వాసన సూస్తే, ఉంటే? ఉంటే నేనేం చేస్త? డాక్టరమ్మ మాట తిరిగి తిరిగి వస్తుంది. ఇంకో దిక్కు, ఆ మనిషి తొమ్మిదేండ్లల్ల ఒక్కటే అడిగిండు. నేను ఆయనకు ఏమియ్యాలె? ఇగ వాసన సూసుడు బంద్ చేస్త అనుకున్న. నమ్ముతున్న అని చెప్త అనుకున్న. నిజం చెప్తున్న, గా అనుకునుట్ల సగం ప్రేమ, సగం పిరికితనం.

పొద్దుగూకినంక వచ్చిండు. కడప కాడ నిలబడి నోరు తెర్సిండు.

"లోపలికి రా, అన్నం సల్లారుతది" అన్న.

ఆయన కదలలె. "సూడు."

"అక్కర్లేదు. నీ మీద నాకు నమ్మకముంది."

"నీ నమ్మకం నాకొద్దు" అన్నడు మాసయ్య. మెల్లగనే అన్నడు. "దినాం నేను కల్లు దుకాణం ముంగటికెల్లే వస్త. నా కాళ్లు దినాం ఆడ ఆగుతయ్. గప్పుడు నాకు దేవుడు యాదికి రాడు, డాక్టరమ్మ యాదికి రాదు. ఇంటికి పోతే బాలమణి నోరు సూస్తదన్నదొక్కటే యాదికొస్తది. ఇయ్యాల గ్లాసు చేతిల ఉన్నప్పుడు గూడ గదే యాదికొచ్చింది. పోయి పిప్పి కుప్పల పోసిన, ఏడికెల్లి వచ్చిందో ఆడికే పొమ్మని. నువ్వు సూసుడు బంద్ చేస్తే రేపు నేను ఇంటికెట్ల రావాలె?"

నేను పొయ్యి కాడికెల్లి లేసిన. దగ్గరికి పోయి, ఆయన రెండు చెంపలు పట్టుకొని, వాసన సూసిన. బీడీ వాసన. పొద్దుటి చాయ వాసన. బర్రెల గడ్డి వాసన. మళ్లోసారి సూసిన, లోపలి దాక. గంతే.

పొద్దుగాల ఆ గ్లాసు కాడ నాకు పుట్టిన భయం మళ్ల పుట్టింది, దానికన్న పెద్దగ. తొమ్మిదేండ్ల సంది దినాం నా ముక్కు ముంగట ఉన్నదాన్ని, ఆయన ఆ దుకాణం దాటుకొని వచ్చుడును, నేను ఇయ్యాలనే సూసిన. ఏం లేదు, ఏం లేదు అనుకుంట గన్ని దినాలు ఎంత తేలికగ అన్న.

"ఏమైంది?" అన్నడు మాసయ్య, నోరు తెర్సుకునే.

కొంగుతోటి కండ్లు తుడ్సుకున్న.

"ఏం లేదు" అన్న. "కాళ్లు కడుక్కో."